మన తుమ్మ అక్కడ, వాళ్ల జామాయిల్ ఇక్కడ: ఆస్ట్రేలియా కథ

ఇది కాస్త పెద్ద పోస్టు. మోటారు వేసి మడి నిండేదాకా గట్టుమీద కూర్చుని చదువుకోండి, తొందరేం లేదు.

మన ప్రకాశం జిల్లా ఊళ్లలో ఇప్పుడు ఆస్ట్రేలియా పేరు రెండు చోట్ల వినపడుతుంది. ఫలానా వాళ్ల అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుతున్నాడంట, అని ఒకటి. ఆస్ట్రేలియా శనగలు దిగాయంట, రేటు పడిందంట, అని రెండోది. క్రికెట్ సంగతి సరే సరి. అంతకుమించి ఆ దేశం గురించి మనం మాట్లాడుకునేది లేదు. నాకేమో అది రైతు చదవాల్సిన చరిత్ర అనిపిస్తుంది. రాజులు, కోటలు, పట్టాభిషేకాలు అందులో లేవు. ఉన్నదంతా నేల, నీళ్లు, గొర్రెలు, కలుపు, పురుగు, కంచె. ఇవన్నీ మనకి తెలిసిన సరుకే కదా.

ముందు నేల సంగతి. ఆస్ట్రేలియా విస్తీర్ణం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి రెండింతల పైనే. జనం మాత్రం సుమారు 2.7 కోట్లు. 2011 లెక్కల్లోనే మన రెండు తెలుగు రాష్ట్రాల జనం ఎనిమిది కోట్లు దాటారు, ఇక మీరే చూసుకోండి. ఆ ఉన్న కొద్దిమంది కూడా ఎక్కువగా తూర్పు, ఆగ్నేయ తీరాల్లోనే ఉంటారు. ఎందుకంటే తూర్పు తీరం వెంబడి ఒక పెద్ద కొండల వరుస ఉంది. సముద్రం మీంచి వచ్చే మబ్బు ఆ కొండలకి తగిలి ఇటువైపే చాలావరకు కురిసేస్తుంది. కొండ దాటి లోపలికి పోయేకొద్దీ వాన తగ్గిపోతుంది, నడిమధ్యన ఎర్రటి ఎడారి. లోపలి ప్రాంతంలో ఎకరాల లెక్క ఉండదు. అన్నా క్రీక్ అని ఒక పశువుల క్షేత్రం, అదొక్కటే ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. విడగొట్టక ముందు మన పాత ప్రకాశం జిల్లా మొత్తం కలిపి 17,600. అంటే ఒక ఆసామి పొలంలో మన జిల్లా పట్టి ఇంకా మిగిలేది. అంత ఉండి ఏం లాభం, ఒక్కో పశువుకి మేత దొరకాలంటే వందల ఎకరాలు తిరగాలి.

ఈ వాన గురించి ఒక సర్వేయరు కథ చెప్పాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో జార్జి గోయిడర్ అని ఉండేవాడు. 1865లో పెద్ద కరువు వచ్చి లోపలి గొర్రెల మందలు చచ్చిపోతుంటే, కరువు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి చూపించమని ప్రభుత్వం అతన్ని పంపింది. గుర్రం మీద వేల కిలోమీటర్లు తిరిగాడు. అప్పటికి ఆ ప్రాంతానికి వర్షపాతం లెక్కల పుస్తకాలు పెద్దగా లేవు. మరి ఎట్లా గీశాడు? మొక్కల్ని చూశాడు. ఏ చెట్టు పోయి ఏ పొద మొదలవుతుందో, ఉప్పునేలలో పెరిగే పొదలు ఎక్కడ తగులుతున్నాయో చూసి, ఇక్కడిదాకా పంట, దీని అవతల మేత మాత్రమే, అని గీత గీశాడు. తర్వాత లెక్క చూస్తే ఆ గీత ఏడాదికి పది అంగుళాల వాన పడే హద్దుకి దాదాపు సరిపోయింది. పది అంగుళాలంటే 250 మిల్లీమీటర్లు. మన అనంతపురంలోనే 500 పైన పడుతుంది.

ఆ తర్వాత 1870ల్లో వరసగా కొన్నేళ్లు మంచి వానలు పడ్డాయి. జనం గోయిడర్‌ని ఎగతాళి చేశారు. నాగలి ఎటు పోతే వాన అటు వస్తుందని ఒక సిద్ధాంతం కూడా తయారైంది. ప్రభుత్వం 1874లో గీత అవతల కూడా సాగుకి భూములిచ్చింది. జనం పోయారు, రాతి ఇళ్లు కట్టారు, ఊళ్లకి ప్లాట్లు కొట్టారు, గోధుమ వేశారు. 1880 నుంచి వాన మొహం చాటేసింది. అప్పులతో ఇళ్లు వదిలేసి వెనక్కొచ్చారు. ఆ మొండి గోడలు ఇప్పటికీ అక్కడ నిలబడి ఉన్నాయి. మన దగ్గర కూడా రెండేళ్లు చెరువు నిండితే చాలు, చెరువు పొలాల రేట్లు ఎక్కడికి పోతాయో చూస్తూనే ఉన్నాం.

బోర్ల సంగతి కూడా వినండి. ఆ ఎండు నేల కింద గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అని నీళ్ల గని ఉంది. దేశంలో ఐదోవంతు కంటే ఎక్కువ నేల కింద పరుచుకుని ఉంటుంది. రెండు గట్టి రాతి పొరల మధ్య నీరు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి బోరు వేస్తే మోటారు అక్కర్లేదు, దానంతటదే పైకి చిమ్ముతుంది. చాలా చోట్ల వేడినీళ్లే వస్తాయి. 1878లో బూర్క్ అనే ఊరి దగ్గర మొదటి బోరు పడింది. ఇక చూస్కోండి, వేల బోర్లు దించారు. మూత లేదు, వాల్వు లేదు. పగలూ రాత్రీ పారుతూనే ఉంటే మట్టి కాలవల్లో మైళ్ల కొద్దీ వదిలేశారు. పశువు తాగింది కొంచెం, ఎండకి ఆవిరైపోయింది, నేలలో ఇంకిపోయింది ఎక్కువ. కొన్నేళ్లకి ఒత్తిడి తగ్గి కొన్ని బోర్లు చిమ్మడం మానేశాయి, ఊటలు ఎండాయి. వందేళ్లు పోయాక, ఇరవయ్యో శతాబ్దం చివర్లో, ప్రభుత్వం డబ్బులిచ్చి బోర్లకి మూతలు బిగించడం, కాలవల బదులు పైపులు వేయించడం మొదలుపెట్టింది. మూతలు బిగించిన చోట ఒత్తిడి మళ్లీ పెరిగింది కూడా. మనకి ఆ అదృష్టం లేదు, మన బోరు వాన పడితేనే నిండుతుంది.

ఇంతకీ ఆ నేల ఎవరిది?

యాభై వేల ఏళ్లకు పైగా అక్కడ ఆదివాసులు ఉన్నారు. తెల్లవాళ్లు వచ్చేనాటికి 250కి పైగా భాషలు మాట్లాడేవాళ్లు. వాళ్లు ఊరికే తిరుగుతూ వేటాడి బతికారని మన పుస్తకాల్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. అది పూర్తి సంగతి కాదు. విక్టోరియా రాష్ట్రంలో బుడ్జ్ బిమ్ అనే చోట గుండిట్జ్‌మారా జనం అగ్నిపర్వతం రాళ్లతో కాలవలు, అడ్డుకట్టలు కట్టి, నీటిని మళ్లించి, పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేపల్ని పెంచి పట్టుకునేవాళ్లు. ఆ కట్టడాల్లో పాతవి 6,600 ఏళ్ల నాటివని తేల్చారు. 2019లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లు గడ్డిని కూడా లెక్క ప్రకారం ముక్కలు ముక్కలుగా తగలబెట్టేవాళ్లు. కొత్త చిగురు వస్తే కంగారూలు మేతకి వస్తాయి, పెద్ద కార్చిచ్చు రాకుండానూ ఉంటుంది.

1770లో జేమ్స్ కుక్ తూర్పు తీరం మొత్తం ఇంగ్లండు రాజుదని ప్రకటించాడు. 1788 జనవరి 26న పదకొండు ఓడల్లో ఆర్థర్ ఫిలిప్ ఖైదీల్ని తీసుకొచ్చి సిడ్నీ దగ్గర దించాడు. 1868 వరకు సుమారు 1,62,000 మంది ఖైదీల్ని ఇట్లా ఆ దేశానికి తోలారు. అందులో చాలామంది చిన్నచిన్న దొంగతనాలు చేసిన పేదవాళ్లే. ఆ పేదవాళ్లు, వాళ్ల వెనక వచ్చిన వలసవాళ్లు కలిసి అంతకంటే పేదవాళ్ల నేల తీసుకున్నారు. మరుసటి ఏడాదే సిడ్నీ చుట్టుపక్కల మశూచి వచ్చి ఆదివాసులు గుంపులు గుంపులుగా పోయారు. గొర్రెల మందలు లోపలికి పోయేకొద్దీ నీటిగుంటల దగ్గర గొడవలు, కాల్పులు. 1838లో మయాల్ క్రీక్ అనే చోట కనీసం 28 మంది ఆదివాసుల్ని చంపారు, వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ కేసులో ఏడుగురు తెల్లవాళ్లని ఉరితీశారు. అట్లాంటి శిక్ష పడటం చాలా అరుదు, మిగతా హత్యలకి అడిగిన నాథుడు లేడు.

ఇదంతా చేయడానికి వాళ్ల చట్టంలో ఒక మాట చాలింది. ఎవరికీ చెందని భూమి, అన్నారు. దున్నలేదు, కంచె వెయ్యలేదు, కాగితం లేదు, కాబట్టి ఎవరిదీ కాదు. ఆ మాట 1992 దాకా నిలబడింది. దాన్ని కూలగొట్టిన మనిషి ఎడ్డీ మాబో. ఉత్తరాన మర్రే దీవుల్లో మేర్ అనే చిన్న దీవి ఆయనది. అక్కడివాళ్లు తోటల సాగు చేసేవాళ్లు. ఎవరి తోట ఎక్కడిదాకా అన్నది రాళ్లనీ చెట్లనీ బట్టి తరతరాలుగా అందరికీ తెలుసు. పక్కవాడి తోటలో చెయ్యి పెట్టకూడదు, కాలు పెట్టకూడదు అనేది మాలో అనే వాళ్ల దేవుడి కట్టడి. మాబో ఒక విశ్వవిద్యాలయంలో తోటమాలిగా పని చేస్తుండగా అక్కడి చరిత్ర అధ్యాపకులతో మాటల్లో తెలిసింది, తన దీవిలో తన భూమి చట్టం ప్రకారం తనది కాదని, ప్రభుత్వానిదని. నమ్మలేకపోయాడు. 1982లో కోర్టుకెక్కారు. పదేళ్లు నడిచింది. 1992 జూన్ 3న హైకోర్టు, అక్కడ అదే అన్నిటికన్నా పెద్ద కోర్టు, ఆ భూమి వాళ్లదే అని తీర్పిచ్చింది. మాబో అదే ఏడాది జనవరిలో పోయాడు. తీర్పు వినలేదు. మన అసైన్డ్ భూముల కేసుల్లో తిరిగే పెద్దవాళ్లని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

దానికి ముందే ఇంకో సంగతి జరిగింది. వేవ్ హిల్ అనే పశువుల క్షేత్రంలో గురింజి జాతి పాలేర్లు ఉండేవాళ్లు. పని తెల్లవాళ్లతో సమానం, కూలి నామమాత్రం. 1966 ఆగస్టులో విన్సెంట్ లింగియారీ అనే పెద్దమనిషి వెనకాల సుమారు రెండు వందల మంది పెళ్లాం బిడ్డలతో పని వదిలి నడిచి పోయారు. మొదట కూలి గొడవ అనుకున్నారు అందరూ. కాదు, మాకు మా నేల కావాలి, అన్నారు వాళ్లు. తొమ్మిదేళ్లు పట్టుబట్టి కూర్చున్నారు. 1975 ఆగస్టు 16న ప్రధానమంత్రి గాఫ్ విట్లమ్ స్వయంగా వచ్చి, వంగి పిడికెడు మట్టి తీసి లింగియారీ చేతిలో పోశాడు. ఆ ఫొటో ఎక్కడైనా కనపడితే చూడండి. ఎర్రమట్టి, అచ్చం మన గిద్దలూరు వైపు చెలక మట్టిలా ఉంటుంది.

సరే, ఇప్పుడు జంతువుల దగ్గరికి వద్దాం. కంగారూ, కోలా, ఈము, గుడ్డు పెట్టి పాలిచ్చే ప్లాటిపస్, ఇవన్నీ మీ పిల్లల పుస్తకాల్లో ఉంటాయి, నేను మళ్లీ చెప్పను. నేను చెప్పేది బయటినుంచి తెచ్చినవాటి గురించి.

థామస్ ఆస్టిన్ అనే భూస్వామి 1859లో విక్టోరియాలో తన ఎస్టేటులో వేట సరదాకి ఇంగ్లండు నుంచి కుందేళ్లు తెప్పించి వదిలాడు. రెండు డజన్లు అంటారు. కొద్ది దశాబ్దాల్లో అవి దేశంలో సగానికి పైగా పాకిపోయాయి. గడ్డి వేళ్లతో సహా కొరికేస్తే గొర్రెలకేం మిగులుతుంది? పశ్చిమ ఆస్ట్రేలియావాళ్లు 1901 నుంచి 1907 దాకా ఉత్తరం నుంచి దక్షిణం సముద్రందాకా కంచె వేశారు. మొదటి కంచె ఒక్కటే 1,833 కిలోమీటర్లు. పని పూర్తయ్యేలోపే కుందేళ్లు అవతల ఉన్నాయి. 1950లో కుందేళ్లకి మాత్రమే వచ్చే ఒక వైరస్ వదిలితే అరవై కోట్లున్నాయనుకున్నవి పది కోట్లకి పడిపోయాయి. మనుషులకేమైనా అవుతుందేమోనని జనం భయపడితే ముగ్గురు పెద్ద శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ని తమకే ఎక్కించుకుని చూపించారు. ఏమీ కాలేదు. కానీ బతికిన కుందేళ్లకి తట్టుకునే శక్తి వచ్చింది, మళ్లీ పెరిగాయి, 1990ల్లో ఇంకో వైరస్ తేవాల్సొచ్చింది. పచ్చపురుగు మందులకి అలవాటు పడటం మనం పత్తిలో చూసిందే.

ఈము యుద్ధం గురించి యూట్యూబులో నవ్వుతూ చెప్తుంటారు. రైతుకి అందులో నవ్వు తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంనుంచి తిరిగొచ్చిన సైనికులకి పశ్చిమ ఆస్ట్రేలియాలో భూములిచ్చి గోధుమ వెయ్యమన్నారు. 1930 నాటికి ధర కుప్పకూలింది. అది చాలదన్నట్టు 1932లో ఇరవై వేల ఈములు లోపలినుంచి వచ్చి చేలమీద పడ్డాయి. తినేది కొంత, తొక్కేది ఎక్కువ, పైగా కంచెలు చింపితే ఆ సందుల్లోంచి కుందేళ్లు. మాజీ సైనికులు కదా, మిషన్ గన్లు పంపమని అడిగారు. ప్రభుత్వం మేజర్ మెరెడిత్ అనే అధికారిని రెండు తుపాకులతో, పదివేల గుళ్లతో పంపింది. ఈములు గుంపుగా నిలబడితే కదా, కాల్చగానే చెల్లాచెదురు. తుపాకీ మొరాయించింది. లారీకి కట్టి వెంటపడితే ఆ గుంటల్లో గురి కుదరలేదు. చివరికి సైన్యం ఇంటికి పోయింది. తర్వాత చంపినవాడికి ముక్కుకి ఇంత అని డబ్బులిస్తే 1934లో ఆరు నెలల్లో 57 వేల ఈములు పోయాయి. ఆ పైన గట్టి కంచెలే పనికొచ్చాయి. అడవిపందులకి పాత చీరలు కట్టి, మంగలి షాపు వెంట్రుకలు చల్లి, రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టేవాళ్లకి ఆ రైతుల బాధ అర్థమవుతుంది.

అన్నిసార్లూ తప్పు జంతువుది కాదు. టాస్మేనియా దీవిలో చారల పులి ఉండేది, కుక్కలాగా ఉండే సంచి జంతువు. గొర్రెల్ని తింటోందని 1888 నుంచి 1909 దాకా ప్రభుత్వం తలకి ఒక పౌను చొప్పున ఇచ్చింది. 2,184 తలలకి డబ్బులు పోయాయి. గొర్రెలు చచ్చింది ఎక్కువగా ఊరకుక్కల వల్ల, దొంగల వల్ల, సరిగా చూసుకోకపోవడం వల్ల అని తర్వాతివాళ్లు తేల్చారు. చిట్టచివరి పులి 1936 సెప్టెంబరు 7న హోబర్టు జూలో చచ్చింది. దాన్ని కాపాడాలని చట్టం చేసి అప్పటికి రెండు నెలలే.

ఇప్పుడు నాగజెముడు. ఇది మనకీ వాళ్లకీ కలిసిన కథ, కొంచెం జాగ్రత్తగా చదవండి. నాగజెముడు అమెరికా ఖండాల మొక్క. దానిమీద పెరిగే ఒక రకం పిండిపురుగు నుంచి ఎర్రరంగు తీసేవాళ్లు. ఇంగ్లీషు సిపాయిల ఎర్రకోట్లకి ఆ రంగు కావాలి. అందుకే 1788లో మొదటి ఓడల్లోనే బ్రెజిల్ నుంచి నాగజెముడు ఆస్ట్రేలియా చేరింది. రంగు వ్యాపారం సాగలేదు. తర్వాత ఇంకో రకం నాగజెముడు కంచెకనీ, తోటకనీ నాటారు. అదే కొంపముంచింది. 1920ల నాటికి క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో సుమారు ఆరు కోట్ల ఎకరాలు కమ్మేసింది. ఏడాదికి పది లక్షల ఎకరాల లెక్కన పెరిగేదంటారు. నరికితే ముక్క పడ్డచోటల్లా మొలిచింది. పాషాణం మందులు చల్లారు, ఖర్చు భూమి ధరకన్నా ఎక్కువైంది. ఇళ్లు, పొలాలు వదిలి పోయారు.

అప్పుడు శాస్త్రవేత్తలు ఈ మొక్క పుట్టిన దేశంలో దీన్ని ఏది తింటుందో వెతికారు. అర్జెంటీనాలో ఒక చిన్న రెక్కలపురుగు దొరికింది, కాక్టోబ్లాస్టిస్ అంటారు. దాని గొంగళ్లు నాగజెముడు మట్టలోకి తొలిచి లోపల గుజ్జంతా తినేస్తాయి. 1925లో గుడ్లు తెచ్చి, ముందు మిగతా పంటలమీద పెట్టి, ఇంకేదీ తినదని చూసుకున్నాకే 1926లో వదిలారు. ఏడెనిమిదేళ్లలో నాగజెముడు అడవులు కుళ్లి కూలిపోయాయి. వదిలిపోయిన జనం తిరిగొచ్చారు. బూనార్గా అనే ఊళ్లో 1936లో ఒక సమావేశ మందిరం కట్టుకుని దానికి ఆ పురుగు పేరే పెట్టుకున్నారు. పురుగు పేరుతో హాలు కట్టిన రైతులు ఇంకెక్కడైనా ఉన్నారో లేదో!

మన సంగతి: ఇదే ఎర్రరంగు ఆశతో కంపెనీవాళ్లు మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోట పెట్టారు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు తెచ్చారు. తీరా అది అసలు రంగుపురుగు కాదు, దగ్గరి చుట్టం. రంగు నాసిగా వచ్చింది. కానీ ఆ పురుగు ఒక రకం నాగజెముడుని తినేసింది. అది చూసి 1836 ప్రాంతంలో దక్షిణాదిలో కావాలనే వదిలి ఆ రకాన్ని అణిచారు. మిగిలిన ఇంకో రకం చేల గట్లమీద, ఊరి దొడ్లలో పెరిగిపోతే 1926లో సింహళం నుంచి మరో పురుగుని తెచ్చి మద్రాసు రాజధాని అంతా వదిలారు. దాంతో అదీ తగ్గింది. ఇప్పుడు మన గట్లమీద అక్కడక్కడా కనపడే నాగజెముడు ఆ మిగులే.

నాగజెముడు పురుగు గెలిచిందని చెరకు రైతులకి కూడా ఆశ పుట్టింది. క్వీన్స్‌లాండ్ చెరకులో వేరుపురుగు బెడద. 1935లో హవాయి నుంచి 102 గోదురుకప్పలు తెచ్చి, పిల్లల్ని చేయించి వదిలారు. వేరుపురుగు భూమిలో ఉంటుంది, దాని పెంకుపురుగేమో చెరకు ఆకు మీద పైన ఉంటుంది. కప్ప నేలమీద. ఇది ముందే ఎవరైనా పొలంలో నిలబడి చూసుంటే తెలిసేది. వాల్టర్ ఫ్రాగట్ అనే పదవీ విరమణ చేసిన పురుగుల శాస్త్రవేత్త వద్దని మొత్తుకున్నాడు. కొన్నాళ్లు ఆపి మళ్లీ వదిలారు. కప్ప పురుగుని పట్టలేదు కానీ దాని ఒంట్లో విషం ఉంది, దాన్ని తిన్న ఉడుములు, పాములు, చిన్న వేటజంతువులు చచ్చాయి. ఇప్పుడది దేశం ఇటు చివరనుంచి పడమటి రాష్ట్రందాకా పోయింది.

ఒకటి మాత్రం నాకు భలే నచ్చింది. ఆవులు ఆ దేశంవి కావు. అక్కడి పేడపురుగులకి కంగారూల ఎండు పెంటికలు అలవాటు, తడి ఆవుపేడ జోలికి వచ్చేవి తక్కువ. పేడ పడ్డచోటే ఎండి గట్టిపడి గడ్డి మొలవనిచ్చేది కాదు, దాంట్లో ఈగలు పుట్టి మనుషుల్ని బతకనిచ్చేవి కావు. హంగేరీ నుంచి వచ్చిన జార్జి బోర్నెమిస్సా అనే ఆయన 1950ల్లో ఇది గమనించాడు. తర్వాత 1965 నుంచి 1985 దాకా ఆఫ్రికా, ఐరోపా నుంచి నలభైకి పైగా రకాల పేడపురుగుల్ని, గుడ్లు శుభ్రంగా కడిగి రోగాల్లేకుండా చూసి తెచ్చి వదిలారు. చాలా రకాలు నిలదొక్కుకున్నాయి, పేడ భూమిలోకి పోయింది, ఈగలు తగ్గాయి. మనం తిట్టుకి వాడే పేడపురుగుని వాళ్లు విమానంలో తెప్పించుకున్నారు.

ఇక మనవైపు నుంచి పోయినవి. మన నల్లతుమ్మ 1890ల్లో క్వీన్స్‌లాండ్‌కి పోయింది, గొర్రెలకి నీడ, కాయ మేత అని. ఇప్పుడు అక్కడ కోటిన్నర ఎకరాల గడ్డినేల కమ్మేసింది, జాతీయ స్థాయి కలుపు కింద రాసుకున్నారు. దాని శత్రువు పురుగు కోసం అక్కడి శాస్త్రవేత్తలు తమిళనాడు, కర్ణాటకల్లో తుమ్మచెట్లు వెతుక్కున్నారు. మనకేమో తుమ్మ అంటే నాగలికి కర్ర, పళ్లపుల్ల, మేకలకి కాయ. అదే చెట్టు. అటునుంచి ఇటు వచ్చింది జామాయిల్. టిప్పు సుల్తాన్ కాలంలో నంది కొండమీద నాటారంటారు, 1843లో నీలగిరి కొండలకి వచ్చింది, అందుకే నీలగిరి చెట్టని కూడా అంటాం. కాగితం మిల్లులకి మనం ఎకరాలకెకరాలు వేశాం. దాని పక్క చేను బోరు సంగతి మీకే తెలుసు. అక్కడ అది కోలా తినే ఆకు, ఇక్కడ మేక కూడా ముట్టదు.

మన ఒంగోలు జాతి రక్తం కూడా అక్కడుంది. అమెరికావాళ్లు మన ఒంగోలు, గిర్, కాంక్రేజ్ లాంటి జాతుల్ని కలిపి బ్రాహ్మన్ అనే జాతి చేశారు. 1933లో అది ఆస్ట్రేలియా చేరింది. ఉత్తరాన ఎండకీ పిడుదులకీ ఇంగ్లండు ఆవులు నిలవలేకపోతే ఈ మూపురం ఉన్నవే నిలబడ్డాయి. గోధుమ కూడా అంతే. విలియం ఫారర్ అనే ఆయన తన సొంత పొలంలో ఏళ్లతరబడి సంకరాలు చేసి 1901లో ఫెడరేషన్ అనే రకం ఇచ్చాడు. ఆరు వలస రాష్ట్రాలు కలిసి ఒక్క దేశం అయిన ఏడాది అది, అందుకే ఆ పేరు. దాని తాతల్లో ఒకటి మన ఉత్తరప్రదేశ్ ఇటావా గోధుమ, త్వరగా కోతకొచ్చే గుణం కోసం కలిపాడు. ఫారర్ బొమ్మని తర్వాత వాళ్ల రెండు డాలర్ల నోటుమీద వేశారు. గోధుమ విత్తనం చేసినవాడి బొమ్మ నోటుమీద!

చివరికి శనగ. అక్కడివాళ్లు దేశీ శనగ పెద్దగా తినరు. పండించేదంతా మనలాంటి దేశాలకి అమ్మడానికే. వాళ్ల కాలాలు మనకి తిరగేసి ఉంటాయి, మే, జూన్‌లలో విత్తి అక్టోబరు, నవంబరులో మిషన్లతో కోస్తారు. అంటే మనం శనగ విత్తే రోజుల్లో వాళ్ల గింజ ఓడెక్కుతుంది, మనం జనవరి, ఫిబ్రవరిలో కోసేనాటికి అది రేవులో దిగి ఉంటుంది. మన ప్రభుత్వం 2017 డిసెంబరులో దిగుమతి మీద 30 శాతం సుంకం వేసింది, 2018 మార్చికి 60 చేసింది, అప్పుడు అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. 2024 మేలో మనవాళ్లు సుంకం ఎత్తేశారు, సరిగ్గా వాళ్లు విత్తే వేళకి. విస్తీర్ణం పెంచేశారు. 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం పెట్టారు. కోల్డ్ స్టోరేజీలో శనగ బస్తాలు పెట్టి రేటు కోసం చూసేవాళ్లు ఢిల్లీ వార్తతో పాటు క్వీన్స్‌లాండ్ వానల వార్త కూడా చూడటం మంచిది. అక్కడ సెప్టెంబరులో వాన ఎట్లా పడిందో ఫోనులోనే తెలుస్తుంది. నేనైతే ఈసారి అది చూశాకే నాలుగెకరాల్లో ఎంత శనగ, ఎంత జొన్న అన్నది తేల్చుకుంటాను.